భుజం కీహోల్ ఆపరేషన్: అయిదేళ్ళు, పదేళ్ళు దాటినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు?

పెనమలూరు_అమ్మాయి · ఫిబ్రవరి 21

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్ళు. సంక్రాంతికి ముందు తెల్లవారుజామున వాకిట్లో కళ్ళాపి చల్లి, ముగ్గు వేయబోతూ జారి కుడిచేయి ఆనించి పడింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదన్నారు. నూనె మర్దన, కాపడం, నొప్పి బిళ్ళలతో నెల రోజులు నెట్టుకొచ్చింది. చేయి పక్కకు ఎత్తమంటే సగం దాకా వచ్చి ఆగిపోతోంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, లేచి కూర్చుంటోంది.

మొన్న ఎమ్మారై తీయించాం. భుజం పైనుండే సుప్రాస్పైనేటస్ అనే స్నాయువు (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది) పూర్తిగా తెగిందట, చీలిక దాదాపు 2 సెంటీమీటర్లు. కీహోల్ ఆపరేషన్ చేసి, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, కుడదాం అన్నారు డాక్టరు గారు. అమ్మకు పదకొండేళ్ళుగా షుగర్ ఉంది. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 9.2 వచ్చింది.

వీడియోలు చాలా చూశాను. అన్నింట్లోనూ ఆపరేషన్ అయిన ఆరు వారాలకో ఆరు నెలలకో చేయి పైకెత్తి నవ్వుతున్నవాళ్ళే. ఆ తర్వాత వాళ్ళేమయ్యారో ఎవరూ చెప్పడం లేదు. అందుకే అడుగుతున్నాను. అయిదేళ్ళు దాటినవాళ్ళు, పదేళ్ళు దాటినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి. కుట్టింది నిలిచిందా? నొప్పి మళ్ళీ వచ్చిందా? అమ్మ మాత్రం ఒక్కటే అడుగుతోంది: "నా కొప్పు నేను వేసుకోగలనా?"

నల్లబల్ల_మాస్టారు · ఫిబ్రవరి 21

అమ్మా, నాకు అయి పన్నెండేళ్ళు. మాది ఒంగోలు దగ్గర. 2013 వేసవి సెలవుల్లో చేయించుకున్నాను, అప్పుడు నాకు 49. బోర్డు మీద రాసే చేయి. మీ అమ్మగారిలా పడలేదు, ఏళ్ళ తరబడి నానిన నొప్పే. అదే స్నాయువు, దాన్ని ఎముకకు బిగించే చిన్న మేకుల్లాంటి యాంకర్లు రెండు వేశారు.

ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి ఆరు వారాలు చేయి జోలెలోనే. మంచం మీద పడుకోలేక పడక కుర్చీలో నిద్రపోయాను. అన్నం ఎడమ చేత్తో, చెంచాతో. స్కూలు తెరిచాక మూడు నెలలు పిల్లల చేత బోర్డు మీద రాయించాను. నేనే రాయడం మొదలుపెట్టింది అయిదో నెలలో, అది కూడా నా కంటి ఎత్తు వరకే. పూర్తిగా నా చేయి నాకు వచ్చిందని అనిపించింది ఏడాది దాటాకే.

తర్వాత ఆరేళ్ళు హాయిగా గడిచాయి. 2019లో ఇంటి పని జరుగుతుంటే సిమెంటు బస్తాకు చేయి వేశాను. కలుక్కుమంది. స్కానింగ్‌లో కుట్టిన చోట కొంత మేర మళ్ళీ విడిపోయిందని వచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చి చాలా బాధపడ్డాను, అంతా వృథా అయిందనుకున్నాను. డాక్టరు చేయి అటూ ఇటూ తిప్పించి, బలం చూసి, "మీ చేయి పనిచేస్తోంది, స్కానింగ్ రిపోర్టుకు ఆపరేషన్ చేయం" అన్నారు. రెండు నెలలు వ్యాయామం చేయించారు, నొప్పి పోయింది. ఈ రోజుకీ ఆ చీలిక అలాగే ఉంది. నేను నిన్న కూడా బోర్డు మీద రాశాను.

రానిది కూడా చెప్పాలి. బస్సులో పైరాడ్ పట్టుకుని పావుగంట నిలబడితే లాగుతుంది. బరువైన సంచి ఆ భుజానికి తగిలించుకోను. చలికాలం పొద్దున్నే కాస్త బిగుసుకుంటుంది. ఇంతే. నిద్రకు మాత్రం పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆపరేషన్‌కు ముందు నన్ను తినేసింది ఆ నిద్ర లేకపోవడమే.

నెల్లూరు_రీడర్ · ఫిబ్రవరి 22

తొందరపడకండి. ఇంగ్లండ్‌లో భుజం కీహోల్ మీద ఒక పరీక్ష చేశారు, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 313 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజం ఆపరేషన్. ఒక గుంపుకు కెమెరా లోపలికి పెట్టి చూసి, ఏమీ చేయకుండా తీసేశారు. మూడో గుంపుకు అసలు ఏ చికిత్సా లేదు. నిజం ఆపరేషన్‌కీ, ఉత్తుత్తి ఆపరేషన్‌కీ ఫలితంలో తేడా లేదు. ఏమీ చేయనివాళ్ళతో పోల్చినా తేడా చాలా కొద్దిగానే వచ్చింది. ఇది చదివాక కూడా భుజంలో కెమెరా పెట్టించుకోవాలా అని నా ప్రశ్న.

ఫిజియో_హనుమకొండ · ఫిబ్రవరి 22

నెల్లూరు గారూ, మీరు చెప్పిన పరీక్ష నిజమే, నేను కూడా దాన్ని నమ్ముతాను. కానీ అది ఈ అమ్మగారి ఆపరేషన్ గురించి కాదు. కీహోల్ అంటే దారి మాత్రమే. ఆ దారిలో లోపలికి వెళ్ళి ఏం చేస్తారన్నది వేరే సంగతి.

ఆ పరీక్షలో చేసింది డీకంప్రెషన్. స్నాయువు పైన ఉండే ఎముక కొసను కొంచెం గీకి జాగా చేయడం. స్నాయువు పూర్తిగా తెగనివాళ్ళకు, చేయి ఎత్తితే రాసుకుపోయి నొప్పి వస్తోందని చేసేది. ఫిన్లాండ్‌లో చేసిన పరీక్షలో కూడా అయిదేళ్ళ తర్వాత అదే ఫలితం వచ్చింది. 2019లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రిక మార్గదర్శకం ఆ నొప్పికి ఈ ఆపరేషన్ వద్దని గట్టిగా చెప్పింది. ఎవరికైనా "ఎముక గీకుదాం, అంతే" అని చెబితే, ముందు మూడు నెలలు ఒళ్ళొంచి వ్యాయామం చేయండని నేను కూడా చెబుతాను.

ఈ అమ్మగారిది పడి తెగిన స్నాయువు. దీన్ని ఎముకకు మళ్ళీ కుట్టాలా వద్దా అన్నది వేరే లెక్క. దాని మీద దీర్ఘకాలం చూసిన పరీక్ష నార్వేది. 3 సెంటీమీటర్లు మించని చీలికలున్న 103 మంది. సగం మందికి కుట్టారు, సగం మందికి ఫిజియోథెరపీ. పదేళ్ళ తర్వాత చూస్తే కుట్టించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. ఫిజియోథెరపీ గుంపులో 51 మందికి 14 మంది తర్వాత ఆపరేషన్‌కే వెళ్ళారు, వాళ్ళ ఫలితం మొదట్లోనే కుట్టించుకున్నవాళ్ళంత బాగా రాలేదు. కుట్టించుకోని వాళ్ళలో చాలామందికి ఏళ్ళు గడిచేకొద్దీ చీలిక పెద్దదైంది.

అటువైపు ఫిన్లాండ్‌లో ఇంకొకటి జరిగింది. 55 దాటి, దెబ్బ తగలకుండా తనంతట తానే అరిగి తెగినవాళ్ళ మీద. అక్కడ రెండేళ్ళకైనా, అయిదేళ్ళకైనా కుట్టినా కుట్టకపోయినా పెద్ద తేడా కనబడలేదు. రెండూ నిజమే. అందుకే నేను మొదట అడిగేది "ఎలా తెగింది?" అని. ముగ్గు వేస్తూ పడినప్పటి నుంచే చేయి లేవడం లేదంటే, అరిగి తెగినదానికీ దీనికీ తేడా ఉంది. పడకముందు ఆ భుజంలో ఏమైనా నొప్పి ఉండేదా అమ్మకు?

పెనమలూరు_అమ్మాయి · ఫిబ్రవరి 22

అసలు లేదండి. పడే ముందు రోజు అటక మీద నుంచి అరిసెల మూకుడు తనే దించింది.

ఫిజియో_హనుమకొండ · ఫిబ్రవరి 22

అయితే ఏడాది ఆగి చూద్దాం అనుకోకండి. తెగిన స్నాయువు లోపలికి లాక్కుపోతుంది, ఆడని కండరం నెమ్మదిగా కొవ్వుగా మారుతుంది. ఒకసారి కొవ్వు పట్టిన కండరం కుట్టినంత మాత్రాన మళ్ళీ కండరం కాదు. ఎమ్మారై రిపోర్టులో ఆ సంగతి రాసి ఉంటుంది, చూడండి.

మోకు_ముత్తాదు · ఫిబ్రవరి 23

పైన రాసింది మా నాయన విషయంలో అచ్చంగా జరిగింది. అందుకే రాస్తున్నా.

మా నాయన తాటిచెట్లెక్కేవాడు. మాది నల్లగొండ జిల్లా. 2014లో చెట్టు దిగేటప్పుడు పట్టు తప్పి ఒక్క చేతి మీద వేలాడిండు. భుజంలో ఏదో తెగినట్టు చప్పుడు వినపడిందట. కట్టు కట్టించుకున్నడు, పసరు పూసిండు, మూడు నెలలకు మళ్ళీ చెట్టెక్కిండు. ఎడమ చేయి బలంతోనే రెండేళ్ళు లాగిండు. 2017లో నేను ఉద్యోగంలో చేరినంక హైదరాబాద్ తీసుకపోయిన. రెండు స్నాయువులు తెగినయి, కండరం సగం కొవ్వైంది అన్నరు. కుట్టినంత కుట్టినం, పూర్తిగా దగ్గరికి రాలేదు అని ఆపరేషన్ అయినంక చెప్పిన్రు.

మొదటి ఏడాది మంచిగుండె. నొప్పి పోయింది, చేయి తల దాకా పోయింది. ఊళ్ళో అందరికీ చూపించిండు. రెండో ఏడాది దాటినంక చేయి మెల్లగ కిందికొచ్చింది. ఇప్పుడు ఎనిమిదేళ్ళు. భుజం ఎత్తు దాటదు. అన్నం తింటడు, బట్టలు తొడుక్కుంటడు, నిద్రపోతడు. నొప్పి లేదంటడు. చెట్టు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. చెట్టెక్కే తాళ్ళు, మోకు, ముత్తాదు, గోడకే ఉన్నయి.

రివర్స్ భుజం మార్పిడి, అంటే కృత్రిమ కీలు, వేస్తే చేయి లేస్తదని ఒక డాక్టర్ చెప్పిండు. నాయన వద్దన్నడు. "నొప్పి లేదు కద బిడ్డా" అంటడు. ఆపరేషన్ ఫెయిలయిందా అంటే నాకు చెప్పరాదు. నిద్ర తెచ్చిచ్చింది. బతుకుదెరువు తెచ్చియ్యలేదు. 2014లోనే తీసుకపోయేటందుకు నా దగ్గర పైసలు లేకుండె, అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటది.

ఫిజియో_హనుమకొండ · ఫిబ్రవరి 23

అన్నా, అప్పుడు మీరు చదువుకుంటున్న పిల్లగాడు. ఆ బరువు మీ మీద వేసుకోకండి.

మీ నాయనకు జరిగింది డాక్టర్లు ఎప్పుడో రాసి పెట్టినదే. 2004లో అమెరికాలో పెద్ద చీలికలకు కీహోల్‌తో కుట్టిన 18 మందిని మళ్ళీ స్కానింగ్ చేసి చూశారు. 17 మందికి కుట్టు విడిపోయి ఉంది. అయినా ఏడాది నాటికి దాదాపు అందరూ నొప్పి తగ్గి, చేయి ఎత్తుతూ సంతోషంగా ఉన్నారు. రెండేళ్ళు దాటేసరికి ఆ లాభం కొంత జారిపోయింది. అది పాత పద్ధతి కుట్టు, ఇప్పుడు యాంకర్లు, దారాలు మారాయి. కానీ చీలిక ఎంత పెద్దది, కండరంలో ఎంత కొవ్వు పట్టింది, మనిషి వయసెంత అన్నవి ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

నల్లబల్ల_మాస్టారు · ఫిబ్రవరి 23

"నొప్పి లేదు కద బిడ్డా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ నాయనగారికి నా నమస్కారం చెప్పండి.

షుగర్‌తో_సావాసం · ఫిబ్రవరి 24

పెనమలూరు అమ్మాయీ, మీ అమ్మకు షుగర్ 9.2 అన్నావు, అక్కడే నా కళ్ళు ఆగాయి. నాది రాజమండ్రి. వయసు 57. నాది తెగడం కాదు, భుజం బిగుసుకుపోవడం, ఫ్రోజెన్ షోల్డర్. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువగా వస్తుందని నాకు వచ్చేదాకా తెలియదు. జాకెట్టు హుక్కు వెనక పెట్టుకోలేను, తల దువ్వుకోలేను, పైట సర్దుకోవాలన్నా ఎడమ చేయే.

2018లో కీహోల్‌తో లోపలి పొర కోసి వదులు చేశారు. అప్పుడు నా షుగర్ కూడా తొమ్మిది దాటే ఉంది, ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడలేదు. ఆపరేషన్ బల్ల మీద చేయి పూర్తిగా లేచిందట. ఇంటికి వచ్చాక నొప్పికి భయపడి వ్యాయామం సరిగా చేయలేదు. రెండు నెలల్లో సగం మళ్ళీ బిగుసుకుంది. అప్పుడు ఏడ్చి, షుగర్ దారిలో పెట్టుకుని, రోజూ తాడు కప్పీ కట్టుకుని లాగి, గోడ మీద వేళ్ళతో పాకించి, ఏడాదిన్నరకు దారికి వచ్చింది.

ఇప్పుడు ఏడేళ్ళు. చేయి పైకి పూర్తిగా లేస్తుంది. వెనక్కి మాత్రం నడుము దాకానే వెళుతుంది. ముందు హుక్కుల జాకెట్లే కుట్టించుకుంటాను. 2021లో రెండో భుజం కూడా బిగిసింది. ఈసారి ఆపరేషన్ లేదు, ఇంజెక్షన్, వ్యాయామం, ఓపిక. అది కూడా దాదాపు ఇంతే కాలానికి వదులైంది. నాకైతే రెండు భుజాలకూ పెద్ద తేడా లేదు, ఖర్చు తప్ప.

మాంచెస్టర్_తెలుగు · ఫిబ్రవరి 24

ఆంటీ చెప్పింది ఇక్కడి పరీక్షకు సరిగ్గా సరిపోతుంది. నేను ఇక్కడ ఎముకల వార్డులో నర్సుని. ఫ్రోజెన్ షోల్డర్ మీద ఇక్కడ 503 మందితో చేసిన పరీక్ష 2020లో వచ్చింది. మత్తిచ్చి చేయి తిప్పి వదులు చేయడం, కీహోల్‌తో పొర కోయడం, ఇంజెక్షన్‌తో కలిపి ఫిజియోథెరపీ. ఏడాది తర్వాత మూడింటిలో ఏదీ మిగతావాటికంటే గొప్పగా తేలలేదు. కీహోల్‌కు ఖర్చు ఎక్కువ, ఇబ్బందులు కూడా దానిలోనే ఎక్కువ కనిపించాయి. కాకపోతే ఆ గుంపులో వాళ్ళకు ఇంకో చికిత్స కావాల్సి రావడం తక్కువ.

పెనమలూరు అక్కా, మీకు పనికొచ్చే ఇంకో లెక్క చెబుతాను. ఇంగ్లండ్‌లో 2009 నుంచి 2017 దాకా జరిగిన 2,88,250 భుజం కీహోల్ ఆపరేషన్లు లెక్కతీశారు. మూడు నెలల్లోపు పెద్ద ఇబ్బంది వచ్చింది 1.2 శాతం, అంటే దాదాపు 81 మందిలో ఒకరికి. ఏడాదిలోపు మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కింది దాదాపు 26 మందిలో ఒకరు. నాకు ఇది ధైర్యం ఇచ్చే లెక్కే. కానీ "చిన్న రంధ్రమే కదా" అని తేలిగ్గా తీసుకునే పని కూడా కాదు. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్ఫెక్షన్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంకొకటి, ఆపరేషన్ ఖాయం అనుకుంటే ఈ లోపు భుజంలో స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేయించకండి. ఆపరేషన్‌కు నెల లోపు చేయించుకుంటే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది.

మా దగ్గర ప్రతి రోగికీ ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోర్ అని పన్నెండు ప్రశ్నల కాగితం ఇస్తాం. మొత్తం 48 మార్కులు. ఎమ్మారై గురించి ఒక్క ప్రశ్న ఉండదు. బట్టలు వేసుకోగలరా, తల దువ్వుకోగలరా, భోజనం పళ్ళెం గది దాటించి తీసుకెళ్ళగలరా, రాత్రి నొప్పితో నిద్ర చెడిందా, ఇలాంటివే. అమ్మ అడిగిన కొప్పు ప్రశ్న అందులో ఉన్నట్టే. ఆపరేషన్‌కు ముందు ఒకసారి అమ్మ చేత నింపించి దాచండి. తర్వాత ఏటా నింపితే ఎక్కడికి వచ్చారో మీకే తెలుస్తుంది.

కూతగాడు · ఫిబ్రవరి 25

నాది వేరే రకం, అయినా దీర్ఘకాలం అన్నారు కాబట్టి రాస్తున్నాను. కబడ్డీ ఆడేవాడిని. 19 ఏళ్ళప్పుడు కాలేజీ పోటీల్లో గూడ జారింది, అంటే భుజం కీలు గూడులోంచి ఊడింది. తర్వాత రెండేళ్ళలో ఏడెనిమిది సార్లు జారింది. చివరికి నిద్రలో చేయి తల కింద పెట్టుకున్నా జారేది.

2013లో కీహోల్‌తో బ్యాంకార్ట్ రిపేర్ చేశారు, మూడు యాంకర్లు. గూడు అంచు నుంచి ఊడిన పెదవి లాంటి కణజాలాన్ని మళ్ళీ అంటించి కుట్టడం అది. ఏడు నెలలకు మ్యాట్ మీదకు వచ్చాను. మూడేళ్ళు ఆడాను. 2016లో రెయిడ్‌కు వెళ్ళినప్పుడు ఇద్దరు చేయి పట్టి లాగారు, మళ్ళీ జారింది.

ఈసారి వేరే డాక్టరు సీటీ స్కాన్ తీయించారు. గూడు ముందు అంచు ఎముకే అరిగిపోయి ఉంది. "పళ్ళెం అంచు విరిగితే గోలీ నిలుస్తుందా, దాని చుట్టూ గుడ్డ కుడితే ఏం లాభం" అన్నారు. మొదటిసారి ఎవరూ సీటీ తీయలేదు, నాకు అడగాలనీ తెలియదు. 2017లో లటార్జే చేశారు. పక్కనున్న చిన్న ఎముక ముక్కను కండరంతో సహా కోసి, అరిగిన అంచుకు రెండు స్క్రూలతో బిగించారు. అది కీహోల్ కాదు, కోసి చేసిందే.

ఎనిమిదేళ్ళు అయింది. ఒక్కసారి కూడా జారలేదు. చేయి బయటికి తిప్పడం కొంచెం తగ్గింది, బంతి బలంగా విసరలేను. పోటీలు మానేశాను, మా మండలంలో పిల్లలకు నేర్పిస్తున్నాను. నిరుడు ఎక్స్‌రేలో కీలు అరగడం మొదలైందన్నారు. 33 ఏళ్ళకే ఆ మాట వినడం కష్టంగా ఉంది.

మా పిల్లల్లో ఎవరికైనా గూడ జారితే నేను మొదటి వారమే డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఎముక సంగతి చూడమని చీటీ రాసి మరీ పంపిస్తాను.

ఫిజియో_హనుమకొండ · ఫిబ్రవరి 25

తమ్ముడూ, ఆ చీటీ చాలా విలువైనది. 2000లో ఇద్దరు సర్జన్లు 194 మంది మీద వేసిన లెక్క ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. ఎముక బాగున్నవాళ్ళలో కీహోల్ కుట్టు తర్వాత మళ్ళీ జారింది 4 శాతం. ఎముక బాగా అరిగినవాళ్ళలో 67 శాతం. ఆపరేషన్ అదే, చేసినవాళ్ళూ వాళ్ళే. మారింది ఎముకే.

కీలు అరుగుదల మాత్రం ఆపరేషన్ వల్లనే అనుకోకు. స్వీడన్‌లో మొదటిసారి భుజం జారినవాళ్ళను 25 ఏళ్ళు వెంటబడి చూశారు. సగానికి పైగా భుజాల్లో ఎక్స్‌రేలో ఏదో స్థాయి అరుగుదల కనిపించింది. ఒక్కసారి జారి ఊరుకున్నవాళ్ళలో కూడా కొందరికి వచ్చింది. ఎక్స్‌రేలో ఉన్నంత మాత్రాన నొప్పి రావాలనీ లేదు. వారానికి మూడు రోజులు రబ్బరు బ్యాండుతో వ్యాయామం మానకు.

నెల్లూరు_రీడర్ · ఫిబ్రవరి 26

నేను మొదట రాసింది తొందరలో రాశాను. ఫిజియో గారు విడదీసి చెప్పాక అర్థమైంది, రెండు వేరు వేరు ఆపరేషన్లను నేను ఒకటే అనుకున్నాను. పెనమలూరు అమ్మాయికి నా వల్ల టెన్షన్ పెరిగి ఉంటే మన్నించాలి.

నా కోపానికి కారణం ఉంది. మా ఆవిడకు 2016లో ఆ ఎముక గీకే ఆపరేషన్ చేశారు. స్నాయువు తెగలేదు, వాపు మాత్రమే ఉంది. వ్యాయామం చేసి చూద్దామని ఎవరూ అనలేదు. అప్పు చేసి కట్టాం. ఏడాదికి నొప్పి తగ్గింది, కానీ ఆపరేషన్ చేయించుకోని మా వదినగారికి కూడా అంత కాలానికే తగ్గింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఇప్పుడు ఇద్దరి భుజాలూ ఒకటే. అది చూశాక కీహోల్ అనే మాట వింటేనే మనసు ఎదురు తిరుగుతుంది.

ఒక సందేహం ఉంది ఫిజియో గారూ. ఎమ్మారైలో చీలిక కనిపిస్తే అది నొప్పికి కారణం అయి తీరాలా?

ఫిజియో_హనుమకొండ · ఫిబ్రవరి 26

అక్కర్లేదండి. 1995లో ఏ నొప్పీ లేని 96 మందికి ఎమ్మారై తీసి చూశారు. 60 దాటినవాళ్ళలో 54 శాతం మందికి పాక్షికంగానో పూర్తిగానో చీలిక ఉంది, వాళ్ళకు ఆ సంగతే తెలియదు. తల నెరిసినట్టే అదీ. అందుకే ఫిల్మ్ చూసి కాదు, మనిషిని చూసి నిర్ణయించాలి. పడిన రోజు నుంచి చేయి లేవని అమ్మగారికీ, మామూలుగా తిరుగుతూ రిపోర్టులో చీలిక చూసి భయపడినవాళ్ళకీ ఒకే సలహా చెప్పకూడదు. మీ ఆవిడగారికి జరిగింది నాకు బాధగా ఉంది. మా దగ్గరికి అలాంటివాళ్ళు ఎంతోమంది వస్తారు.

పెనమలూరు_అమ్మాయి · మార్చి 2

అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. మోకు ముత్తాదు గారి నాయనగారి సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు.

రిపోర్టు మళ్ళీ చూశాం. కండరంలో కొవ్వు చాలా కొద్దిగానే ఉందని రాశారు. డాక్టరు గారితో అరగంట కూర్చున్నాం. ఆయన కూడా పడి తెగింది కాబట్టి ఎక్కువ ఆలస్యం వద్దన్నారు. కానీ షుగర్ ఇలా ఉంటే స్నాయువు ఎముకకు అతుక్కోవడం కష్టం, ఆరేడు వారాలు గట్టిగా తగ్గించుకుని రండి అన్నారు. నేను ధైర్యం చేసి "మీరు కుట్టినవాళ్ళు అయిదేళ్ళ తర్వాత ఎలా ఉన్నారండి?" అని అడిగాను. విసుక్కుంటారేమో అనుకున్నాను. ఒక్క క్షణం ఆగి, "చాలామంది ఏడాది తర్వాత రారమ్మా. బాగుండి రాలేదో, విసుగొచ్చి రాలేదో నాకు తెలియదు" అన్నారు. ఆ మాటతో ఆయన మీద నమ్మకం పెరిగింది.

నల్లబల్ల_మాస్టారు · మార్చి 2

నేనూ వెళ్ళలేదు. పన్నెండేళ్ళలో 2019లో ఒక్కసారే. వచ్చే నెల విజయవాడ పని మీద వస్తున్నాను, నాకు చేసిన ఆయన దగ్గరికి వెళ్ళి చేయి చూపించి వస్తాను.

ఫిజియో_హనుమకొండ · మార్చి 3

అమ్మా, ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకో. మళ్ళీ తెగేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే తెగుతాయి. స్నాయువు ఎముకకు గట్టిపడడానికి కనీసం పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి మాత్రం అంతకంటే ముందే తగ్గుతుంది. ప్రమాదం ఉన్నది ఆ మధ్య కాలంలోనే. రెండో నెలలో నొప్పి లేదు కదా అని బిందె ఎత్తేవాళ్ళను, చపాతీ పిండి పిసికేవాళ్ళను, తడి దుప్పటి పిండేవాళ్ళను ఎంతోమందిని చూశాను. మన అమ్మలు ఖాళీగా కూర్చోలేరు. జోలె తీసేశాక కూడా మూడు నెలలు ఎవరైనా వంటింట్లో తోడుండాలి. వేళ్ళు, మణికట్టు, మోచేయి మాత్రం మొదటి రోజు నుంచే కదిలిస్తూ ఉండాలి.

షుగర్‌తో_సావాసం · మార్చి 3

షుగర్‌కు నేను చేసింది చెబుతాను, మీ డాక్టరును అడిగి చేయండి. రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె, భోజనం అయ్యాక ఇరవై నిమిషాల నడక. చేయి జోలెలో ఉన్నా కాళ్ళు నడుస్తాయి కదా.

పెనమలూరు_అమ్మాయి · ఏప్రిల్ 19

షుగర్ 7.9కి వచ్చింది. పోయిన వారం ఆపరేషన్ అయింది. రెండు యాంకర్లు. స్నాయువు మంచిగానే ఉంది, పూర్తిగా దగ్గరికి వచ్చింది అన్నారు. ముందు రోజు పన్నెండు ప్రశ్నల కాగితం నింపాం. 48కి 15.

మొదటి రాత్రి మత్తు ఇంజెక్షన్ ప్రభావంతో చేయి మొద్దుబారి బాగానే ఉంది. తెల్లవారుజామున అది వదిలాక నొప్పి ఒక్కసారిగా వచ్చింది. ఎవరైనా చేయించుకోబోతుంటే, మత్తు వదలక ముందే బిళ్ళ వేసుకోండి, మాకు ఎవరూ చెప్పలేదు. మాస్టారు గారు చెప్పిన పడక కుర్చీ తెప్పించాం. అందులోనే పడుకుంటోంది.

మోకు_ముత్తాదు · ఏప్రిల్ 19

నాయనకు చెప్పిన. "ఆ తల్లిని ఆర్నెల్లు బరువు ముట్టొద్దను" అన్నడు.

పెనమలూరు_అమ్మాయి · ఫిబ్రవరి 16

పది నెలలు అయింది. చాలా రోజులు రాయలేదు, మధ్యలో మా ఇంట్లో వేరే ఇబ్బందులు వచ్చాయి. ఆరో నెలలో స్కానింగ్ చేస్తే కుట్టు నిలిచే ఉంది. నిన్న కాగితం మళ్ళీ నింపాం, 48కి 39.

నాలుగో నెలలో ఒక రోజు నేను ఆఫీసులో ఉంటే అమ్మ నీళ్ళ బిందె ఎత్తబోయింది. పక్కింటి పిన్ని చూసి అరిచి ఆపించింది. ఆ రోజు నుంచి పిన్ని రోజూ పదకొండింటికి వచ్చి కూర్చునేది, అమ్మ కదలకుండా చూడ్డానికే. ఆపరేషన్ నిలవడంలో డాక్టరు గారికి ఎంత వాటా ఉందో పిన్నికీ అంత ఉంది.

వెనక్కి చేయి ఇంకా సరిగా వెళ్ళదు. పై అరలో డబ్బా తీస్తుంది, నిండు డబ్బా అయితే నన్ను పిలుస్తుంది. కుడిపక్కకు ఒత్తిగిలి పడుకుంటోంది. ఈ సంక్రాంతికి ముగ్గు వేసింది, వాకిలి తడి ఆరాక, చెప్పులు విడిచి, నేను పక్కన నిలబడ్డాక.

కొప్పు సంగతి. ఎనిమిదో నెల దాకా నేనే వేశాను. ఒక రోజు పొద్దున నేను దువ్వెన పట్టుకుని వెళ్ళేసరికి, మంచం అంచున కూర్చుని తల బాగా ముందుకు వంచి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి చుట్టుకుంటోంది. కొంచెం ఎడమకు ఒరిగింది. సరిచేయబోతే నా చేయి తోసేసి, తనే పిన్ను పెట్టుకుంది.

నల్లబల్ల_మాస్టారు · ఫిబ్రవరి 16

ఎడమకు ఒరిగినా పర్వాలేదమ్మా. నా అక్షరాలు కూడా ఏడాదిన్నర దాకా కిందికి జారుతూనే ఉండేవి.

నేను మా డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాను. చేయి పైకెత్తి చూపించాను. ఆయన పాత ఫైలు వెతికించి, 2013 పేజీ కింద తన చేత్తో ఈ సంవత్సరం తేదీ వేసి రాసుకున్నారు.